పిడికిలి తూకం

అల్ ఖౌద్,
8 సెప్టెంబరు 1991

రమణీ,

మీ అత్తకు జ్వరం లేదు, దిగులు లేదు, ఒంట్లో అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ముందు ఆ ముక్క చదివితే గాని మీ నాయన కాఫీ తాగడు కాబట్టి ముందే రాసేశాను.

నువ్వు డిగ్రీలో చేరావని, అందులోనూ ఫిజిక్సు తీసుకున్నావని అన్న రాశాడు. ఈ ఇంట్లో అందరికీ చెప్పాను. ఇంటి పెద్దాయనను ఇక్కడ బాబా అని పిలుస్తాం. పటాళంలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆయన "షాబాష్ గంగూ" అన్నాడు, చదువుకున్నది నేనైనట్టు.

నీతో ఒక పని పడింది. మందు తూచే త్రాసు ఏది మంచిదో కనుక్కుని రాయి. చాలా సన్నంగా తూగాలి. చిటికెడు ఎక్కువైతే ప్రాణం మీదికి వస్తుంది. ఇక్కడున్నది పాడైపోయింది, కొత్తది కొనాలంటున్నారు. మీ కాలేజీలో త్రాసులుంటాయి. మన ప్రొద్దుటూరులో బంగారం తూచేవాళ్లకు కొదవా? అడిగి వివరంగా రాయి.

ఎండ ఇంకా తగ్గలేదు. పక్కింట్లో వంట చేసే హమీదున్నీసా రాయచోటి మనిషి. సాయంత్రం గోడ మీదుగా మాట్లాడుకుంటాం. లేకపోతే నోరు మన మాట మరిచిపోయేది.

నా ట్రంకుపెట్టె తాళంచెవి మీ అమ్మ దగ్గర భద్రంగా ఉందా? పెట్టె తెరవొద్దు. ఉందో లేదో రాయి, చాలు.

గంగులత్త


ప్రొద్దుటూరు,
24 సెప్టెంబరు 1991

అత్తా,

నీ ఉత్తరం గడపలోనే నిలబడి చదివాను. లోపల పాలు పొంగిపోయాయి. అమ్మ తిట్లలో సగం నీకు రావాల్సినవి, పంపించే దారి లేక నేనే పడ్డాను.

బాబాకు ఏం జబ్బు? అది రాయలేదేం? చిటికెడు ఎక్కువైతే ప్రాణం మీదికొచ్చే మందంటే పాదరసం కలిసిందో, నాభి అనే విషపు వేరు కలిసిందో అయి ఉంటుందని మన ఎదురింటి కంసాలి ఆచారి తాత అన్నాడు. అలాంటి మందులు నీ చేత తూపిస్తున్నారా? నువ్వు వంటకూ ఇల్లు తుడవడానికీ కదా వెళ్లింది! మెడికల్ షాపాయనను అడిగితే పొడి మందులు తూచే చిన్న త్రాసు మద్రాసులో దొరుకుతుందట. "మోతాదు" అన్నాడాయన. ఎంత బాగుందో ఆ మాట, నోట్లో వేసుకుంటే బరువుగా ఆనుతుంది. ఈ మధ్య నాకు మాటల పిచ్చి పట్టింది అత్తా. కొత్త మాట వినపడితే దాన్ని రోజంతా చప్పరిస్తున్నాను.

అమ్మ ఇంకో అడుగు ముందుకేసింది. "ఆ ఇంట్లో ఎవరో ఎవరికో మందు పెడతాండారేమోమే. మీయత్తను అందులో చెయ్యి పెట్టొద్దని రాయి" అంది. నాయన నవ్వాడు గానీ, "అయినా కనుక్కో" అన్నాడు.

తాళంచెవి అమ్మ మెడలోని తాడుకే ఉంది. పెట్టె ఎవరూ ముట్టలేదు.

జవాబు వచ్చేదాకా నిద్రపట్టని
రమణి


అల్ ఖౌద్,
10 అక్టోబరు 1991

పిచ్చి రమణీ,

బాబాకు ఏ జబ్బూ లేదు. గుర్రంలా ఉన్నాడు, చూపు మందగించింది, అంతే. నేను రాసింది తుపాకి మందు గురించి. మన నోట్లో దగ్గుకూ మందే, చేనుకూ మందే, తాగేదీ మందే. గని పక్కన కాపురం చేసినదాన్ని, నాకు మందంటే మొదట గుర్తొచ్చేది పేలేదే. నీకు గుర్తొచ్చేది మింగేది. అది నీ అదృష్టం.

సంగతి ఇది. బాబా క్లబ్బులో కాగితపు గురి పెట్టి తుపాకి కాలుస్తాడు. లైసెన్సు ఉంది, కప్పులు ఉన్నాయి, వాటికి నేనే మెరుగు పెడతాను. అంగట్లో తూటాలు కొనడు. కాల్చిన తూటాల ఇత్తడి గొట్టాలు ఏరి తెచ్చి, వాటిలో మళ్లీ మందు పోసి, గుండు బిగించి వాడుకుంటాడు. ప్రతి తూటాలోనూ మందు ఒకే తూకం ఉంటే గుండు ఒకేచోట తగులుతుందట. ఇంటి వెనక గదిలో దానికి బల్ల ఉంది. చూపు ఆనక ఇప్పుడు ఆ పని పెంచలయ్య చేత చేయిస్తున్నాడు.

పెంచలయ్య మన జిల్లా మనిషే. ఈ ఇంటికి వచ్చి మూడు నెలలైంది. నలభై దాటి ఉంటాడు. తలకు నూనె పెట్టి పాపిడి తీస్తాడు. ఎడమచేతి చిటికెన వేలు సగమే ఉంది. ఎద్దు తొక్కిందంటాడు. కారం ఎక్కువ తింటాడు. పని చేసేటప్పుడు నాలుక బయటపెడతాడు. కొత్తగా నింపిన తూటాల్లో మొదటివి వాడే పేల్చి చూడాలి. అది బాబా పెట్టిన నియమం. నింపినవాడికి భయం ఉండాలట.

మొన్న టీ ఇస్తూ అడిగాను. "తూకం తప్పితే ఏమైతాది?"

"తక్కువైతే తుస్సుమంటాదక్కా. ఎక్కువైతే తుపాకి మనమొగానే పేల్తాది. అయినా నాకు త్రాసెందుకు? బాబా ఊరుకోడు గానీ, మనూర్లో బండలు పేల్చినోన్ని. నా పిడికిలే త్రాసు."

"ఎప్పుడూ తప్పలేదా?"

"నాకా?" అని నవ్వాడు. "తప్పితే మందు తప్పాల, పిడికిలి తప్పదు."

బాబా దగ్గరున్న అంగడివాళ్ల పుస్తకంలో రెండు త్రాసుల బొమ్మలున్నాయి. ఒకటి కాడ త్రాసు. ఒకవైపు చిన్న పళ్లెం, రెండోవైపు గాట్లు పెట్టిన కాడ. కాడ మీద పెద్ద తూకపు గుండు ఒకటి, చిన్నది ఒకటి జరుగుతాయి. రెండోది కరెంటు త్రాసు. అంకెలు ఎర్రగా వెలుగుతాయి. మా మేనకోడలు ఇదే చదువుతోందని చెప్పాను. అయితే అడుగు, ఆమె ఏది చెబితే అది కొందాం అన్నాడు బాబా.

వాటి మంచి గుణాలు పుస్తకంలోనే ఉన్నాయి. నువ్వు లోపాలు రాయి. దేనికి ఏ లోపం ఉందో, ఏ లోపం తొందరగా కంటికి కనిపించదో, అది.

గంగులత్త


ప్రొద్దుటూరు,
27 అక్టోబరు 1991

తుపాకుల ఇంట్లో ఉన్న మా అత్తకు,

తుపాకి మందా! నేను మెడికల్ షాపాయన ప్రాణం తీశాను కదా! ఆయన ఇంకా రోజూ, "అమ్మాయీ, మీ దుబాయి పెద్దాయనకు నయమైందా?" అంటున్నాడు. దుబాయి కాదు మస్కట్ దగ్గర అని చెప్పడం కూడా మానేశాను.

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచీ నేను చేసిందంతా ఇదే. మా ఫిజిక్స్ మేడమ్‌ను అడిగాను. ఆచారి తాత పక్కన కూర్చుని ఆయన తూచడం చూశాను. ఆయన త్రాసు గాజుపెట్టెలో ఉంటుంది. తూచేటప్పుడు ఫ్యాను ఆపుతాడు, నన్ను ఊపిరి కూడా అటు తిరిగి పీల్చమంటాడు.

ముందు కరెంటు త్రాసు. చూడటానికి అందంగా ఉంటుంది, తొందరగా చెబుతుంది. కానీ దానికి వేడి, చలి, గాలి ఏదీ పడదట. పెట్టగానే తూచకూడదు, కొంతసేపు వెలగనివ్వాలి. పైన ఏసీ గాలి కొట్టినా, కరెంటు అటూ ఇటూ అయినా అంకె తనంతట తాను పాకుతుంది. అయితే అది పాకుతూ ఉంటే కంటికి కనిపిస్తుంది. దొంగతనం చేస్తూ దొరికిపోయే రకం.

కాడ త్రాసుకు కరెంటు అక్కర్లేదు. మొండిది, నమ్మకమైనది. మేడమ్ ఓటు దీనికే. తాత ఓటు కూడా. దీనికి లోపం ఒక్కటే. చిన్న గుండు జరిగితే తేడా కొంచెమే. పెద్ద గుండు ఒక్క గాటు జరిగితే మాత్రం తేడా చాలా ఎక్కువ, పైగా ఎవరికీ తెలియదు! కాడ ఎప్పటిలాగే సమంగా నిలబడుతుంది, తూచేవాడు ఎప్పటిలాగే పోస్తాడు. గుడ్డ తగిలినా జరగొచ్చు. అందుకే బరువు ముందే తెలిసిన ఒక సరిచూపు గుండు దగ్గర ఉంచుకుని, రోజూ పని మొదలుపెట్టే ముందు దాన్ని తూచి చూడాలట. అది ఉంటే కాడ త్రాసుకు సాటి లేదు. తాత చేసిస్తానన్నాడు.

ఇంకో సంగతి. ఆ త్రాసు మీద గ్రాములు ఉండవట, గ్రెయిన్లు ఉంటాయట. గ్రెయిన్ అంటే గింజ! ఇంగ్లీషువాళ్లు ధాన్యపు గింజతో తూచారు, మన తాతలు గురివింద గింజతో తూచారు. ఎక్కడివాళ్లకైనా చేతికి ముందు దొరికింది గింజే అన్నమాట.

"జరగడం" అనే మాట కూడా చూడు అత్తా. గుండు జరగడమూ అదే, పెళ్లి జరగడమూ అదే, ప్రమాదం జరగడమూ అదే. చేసినవాడి పేరు చెప్పకుండా తప్పించుకుపోయే మాట. రాత్రి పడుకుని దీని గురించే ఆలోచించాను.

ఇక అసలు విషయానికి వస్తాను. కోప్పడకు. త్రాసు గురించి నాలుగు వాక్యాలు రాసి, పెంచలయ్యగారి గురించి ఒక పేజీ రాశావు. పాపిడి, కారం, నాలుక! ఆయన మాటలు కూడా ఎంత ముచ్చటగా రాశావో. "నా పిడికిలే త్రాసు", భలే మనిషి. మామ పోయి పదేళ్లు. నువ్వు ఏ నిర్ణయం తీసుకున్నా నేను నీ పక్షమే. అమ్మకూ నాయనకూ ఇంకా చెప్పలేదు, నీ మాట కోసం ఆగాను.

నీ రహస్యం మోస్తున్న
రమణి


అల్ ఖౌద్,
14 నవంబరు 1991

రమణీ,

నువ్వు రాసినట్టే కాడ త్రాసుకు ఆర్డరు పెట్టించాను. ఈ నెలాఖరుకు వస్తుంది. సరిచూపు గుండు గురించి బాబాకు చెప్పలేదు. ఇప్పుడే తొందరేం లేదు.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. లోపం గురించి నువ్వు రాసినచోట కాగితం మెత్తబడిపోయింది. నీ చదువు వృథా పోలేదు.

పెంచలయ్య గురించి నువ్వు అనుకున్నది ఒక రకంగా నిజమే. పొద్దున లేస్తే వాడే గుర్తొస్తాడు. అన్నం వడ్డించేటప్పుడు వాడి చేతులే చూస్తాను. గది తుడిచేటప్పుడు వాడు కూర్చునే పీట మీద చెయ్యి పెడతాను. ఇంతగా ఒక మనిషిని తలుచుకోవడం మీ మామ ఉన్నప్పుడు కూడా లేదు.

మీ నాయనకు చెప్పాలంటే చెప్పు. పేరు మాత్రం సరిగ్గా చెప్పు.

గంగులత్త


ప్రొద్దుటూరు,
2 డిసెంబరు 1991

అత్తా! అత్తా!

నిన్న పోస్టాఫీసుకు పరిగెత్తి టెలిగ్రాం ఇచ్చాను. అందిందా? అందితే ఈ ఉత్తరం చేరేలోపు నువ్వు ఏమీ చేసి ఉండవు. అందకపోతే... ఆ వాక్యం పూర్తి చేయడం నాకు చేతకావడం లేదు.

నిన్న నాయనకు చెప్పాను. ఎంత సంబరంగా చెప్పానో తలుచుకుంటే నా నోరు కుట్టేసుకోవాలనిపిస్తోంది. "నాయనా, అత్తకు ఒకాయన నచ్చినాడు. మనవైపాయనే, ముందు బండలు పేల్చే పనిలో ఉన్నెంట, పెంచలయ్య" అన్నాను. నాయన చేతిలోని ముద్ద చేతిలోనే ఉంది.

"వానికి ఎడమచేతి చిటికెన వేలు ఉండాదా?" అన్నాడు.

"సగమే ఉండాదంట."

"పిడికిలే త్రాసు అంటాడా?"

అప్పుడు చెప్పాడు. ఎర్రగుంట్ల దగ్గర గనిలో వాడే మేస్త్రీ అని. మామ పోయిన రోజు త్రాసు పక్కనపెట్టి రంధ్రంలోకి పిడికిళ్లతో మందు పోశాడని, అది తెలియని మామ దగ్గరికి పోయి వత్తి అంటించాడని. మేనేజరు వచ్చి "పొరపాటు జరిగింది" అన్నాడని. మేస్త్రీ ఆ సాయంత్రమే ఊరు వదిలి పారిపోయాడని. మామ ఇంటికి రాలేదు, కాగితంలో చుట్టిన వెండి మొలతాడు వచ్చింది. నీ పెట్టెలో ఉన్నది అదేనా అత్తా? నాకు చిన్నప్పటి నుంచీ "మామ గనిలో పోయాడు" అనే చెప్పారు. ఆ వాక్యంలో కూడా చేసినవాడు లేడు.

నేను నీ ఉత్తరాలన్నీ మళ్లీ చదివాను. ఒక్క మాట కూడా మారలేదు, అర్థం మొత్తం మారిపోయింది. "ఏ లోపం తొందరగా కంటికి కనిపించదో." నేను పేజీలు నింపి పంపాను! గుడ్డ తగిలినా జరగొచ్చని నేనే రాశాను!

నాయన నాతో మాట్లాడటం లేదు. టెలిగ్రాం ఇచ్చినందుకు. "ఎందుకిచ్చినావు? దేవుడే వాన్ని ఆయమ్మ ముందర కూర్చోబెట్టినాడు. నువ్వెవరు అడ్డం పడేదానికి?" అన్నాడు. తప్పు అనలేకపోయాను. నాకూ వాడు చావాలనే ఉంది. వాడి పాపిడి, వాడి నవ్వు తలుచుకుంటే పళ్లు కొరుకుతున్నాను. కానీ వాడు పోతే నువ్వు జైలుకు పోతావు, మనది కాని దేశంలో. వాడు పోయేది నేను రాసిన మాటతో. వాడి కోసం కాదు, నీ కోసం ఆపుతున్నాను.

ఒక్క ముక్క రాయి. ఉన్నానని రాయి.

రమణి


అల్ ఖౌద్,
20 డిసెంబరు 1991

రమణీ,

ఉన్నాను. వాడూ ఉన్నాడు. ఇప్పుడు నిదానంగా చదువు.

నీ టెలిగ్రాం వచ్చిన రోజు పొద్దునే అంతా అయిపోయింది. త్రాసు అంతకు నాలుగు రోజుల ముందు వచ్చింది. ఆ నాలుగు రోజులూ గది తుడుస్తూ దాన్ని ముట్టుకోకుండా చుట్టూ తుడిచాను. అయిదో రోజు గుడ్డతో కాడను కూడా తుడిచాను. పెద్ద గుండు ఒక గాటు జరిగింది.

జరిగింది అని రాయకూడదు కదా. జరిపాను.

వాడు వచ్చి పీట మీద కూర్చున్నాడు. నేను గుమ్మంలో చీపురుతో నిలబడ్డాను. వాడు మందు పళ్లెంలో పోశాడు. కాడ సమంగా నిలబడింది, నువ్వు రాసినట్టే. ఒక గొట్టం నింపాడు. నాలుక బయటపెట్టి రెండోది నింపాడు. నా గుండె ఒక్కసారి కూడా గట్టిగా కొట్టుకోలేదు. ఈసారి దగ్గర నిలబడి చూస్తాను, కాగితంలో చుట్టి తెచ్చింది కాదు అనుకున్నాను.

అప్పుడు నీ మాట అడ్డొచ్చింది. వీడు పోయాక ఏమంటారు? బాబా అదే అంటాడు, పోలీసులు అదే రాసుకుంటారు. పొరపాటు జరిగింది. మీ మామ మీద కప్పిన మాటే తెచ్చి వీడి మీద కప్పుతారు. ఇద్దరూ ఒకే దుప్పటి కింద పడుకుంటారు. ఎందుకు చస్తున్నాడో వాడికి తెలియదు. అది నాకు ఇష్టం లేకపోయింది.

"పెంచలయ్యా, ఆ పెద్ద గుండు సూడు" అన్నాను.

"ఏందక్కా?"

"యా గాట్లో ఉండాది?"

చూశాడు. వాడి మొహంలో నూనె తప్ప ఏమీ మిగల్లేదు. "ఇదేంది, ఒక గాటు జరిగిందే!"

"జరగలా. నేను జరిపినా."

నవ్వబోయాడు. "ఎగతాళి చేస్తాండావా?"

"ఎర్రగుంట్ల గనిలో గురవయ్య ఉన్నె. గుర్తుండాడా?"

చేతిలోని గొట్టం కిందపెట్టాడు. "నీకేమైతాడు?" అన్నాడు.

"నా మొగుడు."

"అక్కా, అది పొరపాటున..."

"ఆ మాట పూర్తి సేసినావంటే ఆ తూటా అట్లనే బిగించి నీ చేతికిస్తా. ఆ పొద్దు మందు తూచినావా?"

"లేదు."

"ఎంత పోసినావు?"

"రెండు పిడికిళ్లు. బండ గట్టిదని... ఇంగొకటి."

"ఎవరు పోసినారు?"

వాడు బల్ల వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. నేను కదల్లేదు.

"నేనే" అన్నాడు.

రమణీ, పదేళ్లకు ఒక మనిషి నోట ఆ మాట విన్నాను.

తర్వాత వాడికి ధైర్యం వచ్చింది. "గుండు జరిపినావని బాబాకు చెప్తా" అన్నాడు. "పో, చెప్పు. ఎందుకు జరిపినానో నేను చెప్తా. మందును పిడికిలితో పోసి మనిషిని సంపినోన్ని ఈ బల్ల కాడ ఎంతసేపు కూసోబెడతాడో సూద్దాం" అన్నాను. వెళ్లలేదు. నింపిన రెండు గొట్టాలూ నా ఎదుటే వంచి మందు డబ్బాలో పోయించాను.

మధ్యాహ్నం నీ టెలిగ్రాం వచ్చింది. "స్కేల్ డేంజర్. డోంట్ టచ్." బాబా కళ్లద్దాలు రెండు మార్చి చదివాడు. ఇండియా నుంచి కాలేజీ మేడమ్ తంతి కొట్టిందంటే త్రాసులో ఏదో పెద్ద లోపం ఉందనుకున్నాడు. నువ్వింకా చదువుకునే పిల్లవన్నది మరిచిపోయి ప్రొఫెసరువని నమ్ముతున్నాడు, నేను కాదనలేదు. అప్పుడు సరిచూపు గుండు గురించి చెప్పాను. "అది గంగూ దగ్గర ఉండాలి. రోజూ దాన్ని తూచి చూపించాకే పెంచలయ్య మందు డబ్బా మూత తీయాలి" అని బాబా కొత్త నియమం పెట్టాడు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది రాస్తున్నాను. మీ అమ్మను తాళంచెవి అడుగు. నా పెట్టెలో అడుగున, ఎర్ర గుడ్డలో మీ మామ మొలతాడు ఉంది. ఆచారి తాతకు ఇచ్చి, అందులో వెండితో ఆ గుండు చేయించు. మిగిలింది మళ్లీ గుడ్డలో కట్టి పెట్టెలో పెట్టు.

వాణ్ని వదిలేశానని అన్న బాధపడతాడు. చచ్చేవాడు ఒక్కరోజే చస్తాడని చెప్పు.

గంగులత్త


ప్రొద్దుటూరు,
9 జనవరి 1992

అత్తా,

హమీదున్నీసమ్మ సెలవు మీద వచ్చింది కదా, రాయచోటి పోయి ఆమె చేతికే ఇచ్చి వచ్చాను. చిన్న డబ్బాలో, దూదిలో ఉంది.

ఎన్ని గ్రెయిన్లు కావాలో నువ్వు రాయలేదు. యాభై చేయించాను. గ్రాముల్లోకి నేనే మార్చాను. మూడుసార్లు లెక్కవేసి, మేడమ్‌కు చూపించి, అప్పుడు తాతకు చెప్పాను. ఇంత జాగ్రత్తగా నేను ఏ పరీక్షా రాయలేదు.

మొలతాడు తీసినప్పుడు అమ్మ ఏడ్చింది. నాయన పక్కన నిలబడ్డాడు. తాత ఫ్యాను ఆపాడు. వెండి కరిగించి, చల్లార్చి, ఆకురాయితో రాస్తూ తూచాడు, రాస్తూ తూచాడు. రాలిన పొడి కూడా కాగితంలో పట్టి మాకే ఇచ్చాడు. "ఎవరికమ్మా ఇంత సన్నపు పని?" అన్నాడు. నేను చెప్పబోతుంటే నాయన, "మా బావకు" అన్నాడు. నెల తర్వాత నా ఎదుట ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

గుండు మీద ఉలితో "గు" అని చెక్కించాను. గుండుకూ అదే అక్షరం, మామకూ అదే అక్షరం. ఎవరైనా అడిగితే గుండు అని చెప్పుకోవచ్చు.

నాకు మాటల మీద ఇష్టం పోలేదు అత్తా. కానీ ఇప్పుడు రాసేముందు ఒకసారి చేతిలో తూచి చూస్తున్నాను.

రమణి


అల్ ఖౌద్,
16 ఫిబ్రవరి 1992

రమణీ,

గుండు చేరింది. రాత్రి నా కొంగు ముడిలో ఉంటుంది.

మొదటి రోజు వాడు వంటగది గుమ్మంలోకి వచ్చి, "అక్కా, ఆ గుండియ్యి" అన్నాడు. నేను బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

"ఏం గుండు?"

"అదే, సరిచూసే గుండు."

"దానికి పేరుండాది. దాని మీద చెక్కినారు."

వాడికి చదువు రాదు. అరచేతిలో పెట్టి చూపించాను. ఏం అక్షరమో చెప్పాను, ఏ వెండో చెప్పాను, ఆ వెండి ఎక్కడి నుంచి ఎట్లా ఇంటికి వచ్చిందో చెప్పాను.

"పేరు పెట్టి అడిగితే ఇస్తా. లేకుంటే పోయి, ఈ పొద్దు పని లేదని బాబాతో చెప్పుకో."

పొయ్యి మీద నీళ్లు మరిగేదాకా నిలబడ్డాడు.

"అక్కా... గురవయ్యనియ్యి."

ఇచ్చాను.

ఆ రోజు పట్టకారుతో పళ్లెంలో పెట్టాడు. కాడ ఊగుతూనే ఉంది. వాడు చెయ్యి పూర్తిగా తీసి, దూరం జరిగి, ఊపిరి బిగబట్టాక నిలబడింది. యాభై. ఒక్క వెంట్రుక తేడా లేదు. ఆచారి తాతకు నా దండాలు చెప్పు.

ఇప్పుడు రోజూ ఇదే. పొద్దున వచ్చి అడుగుతాడు, తూచి చూపిస్తాడు. ఆ తర్వాత మందును గింజ గింజగా పోస్తాడు. పిడికిలి మాట మళ్లీ ఎత్తలేదు. పాపిడి తీయడం మానేశాడు. కారం కూడా అడగడం లేదు, నేను వేస్తూనే ఉన్నాను.

పోయిన వారం బాబా కాళ్ల దగ్గర కూర్చుని, ఇంటికి పంపించేయమని అడిగాడు. తల్లికి బాగాలేదన్నాడు. బాబా గురి కాగితం తెచ్చి చూపించాడు. అయిదు గుండ్లూ ఒక్క రూపాయి బిళ్ల కింద దాగేంత దగ్గరగా తగిలాయి. "ఇంత నమ్మకంగా తూచే మనిషిని ఈ దేశంలో ఇంకెక్కడ వెతకను? నిన్ను ఎట్లా వదులుతాను?" అని వీసా ఇంకో రెండేళ్లు పొడిగించాడు. జీతం కూడా పెంచాడు. వాడు నా వైపు చూశాడు. నేను గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చాను.

నాకూ రెండేళ్లు ఉంది. అన్నకు చెప్పు.

సాయంత్రం పని అయ్యాక వాడే తెచ్చి ఇవ్వాలి. గుమ్మంలో నిలబడి రెండు చేతులతో చాపుతాడు. "ఇదో అక్కా, గురవయ్య" అంటాడు. నేను వెంటనే తీసుకోను. చేతులు తుడుచుకుంటాను, పొయ్యి తగ్గిస్తాను, కొంగు సర్దుకుంటాను. అంతసేపూ వాడు ఆయన్ను మోస్తూ నిలబడతాడు.

గంగులత్త